సీరియం నాలుగో ఎలక్ట్రాన్ ఎవరి చేతిలో ఉంది?

డిగ్రీ పరీక్షలో రాసిన ఒక జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. లాంథనైడ్లన్నీ (లాంథనంతో మొదలయ్యే 15 లోహాల వరుస) మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని +3 స్థితిలో ఉంటే అందులోని సీరియం మాత్రం +4 ఎందుకు చూపిస్తుందన్నది ప్రశ్న. "నాలుగో ఎలక్ట్రాన్ కూడా పోతే సీరియానికి జెనాన్ విన్యాసం (జెనాన్ వాయువులో ఎలక్ట్రాన్లు అమరిన తీరు) వస్తుంది. జడవాయు విన్యాసం స్థిరమైనది కాబట్టి" అని రాశాను. రెండుకి రెండు మార్కులు పడ్డాయి. తర్వాత నేనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక కూడా చాలా ఏళ్లు అదే వాక్యం బోర్డు మీద రాశాను.

ఒకరోజు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, జెనాన్ విన్యాసం దానికి అంత ఇష్టమైతే సీరియం టెట్రాఫ్లోరైడ్ ఉండి టెట్రాక్లోరైడ్ ఎందుకు లేదు సార్? ఎలక్ట్రాన్ పోయేది సీరియం నుంచే కదా, ఎవరు తీసుకుంటే ఏంటి?"

నాకు జవాబు తట్టలేదు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో చదివింది, అంతకు ముందు ల్యాబ్‌లో నా చేతులతో చేసి కూడా అర్థం చేసుకోనిది, అన్నీ కలిపి ఆలోచిస్తే ఒక విషయం తేలింది. +4 అన్నది సీరియం తనంతట తాను మోసుకు తిరిగే గుణం కాదు. పక్కన ఎవరున్నారో వాళ్లతో కుదిరే బేరం అది. మనిషి మారితే బేరం మారినట్టు, పక్కనున్న అయాన్ (ఆవేశమున్న పరమాణువు) మారితే ఈ ఎలక్ట్రాన్ లెక్క మారుతుంది. జడవాయు విన్యాసం అనే జవాబు ఆ బేరాన్ని మొత్తం దాచేస్తుంది. అందుకే దాన్ని పాఠాల్లోంచి తీసేయాలని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను.

ముందు లెక్క చూద్దాం. వాయు స్థితిలో ఒంటరిగా ఉన్న సీరియం పరమాణువు నుంచి మొదటి ఎలక్ట్రాన్ లాగడానికి మోల్‌కు సుమారు 534 కిలోజౌల్స్ కావాలి. రెండోదానికి 1050, మూడోదానికి 1949. మూడూ కలిపితే 3530 చిల్లర. నాలుగోదానికి ఒక్కదానికే సుమారు 3550 కావాలి. అంటే ముందు పోయిన మూడింటికీ కలిపి ఎంత ఖర్చయిందో, ఈ ఒక్కదానికీ అంత ఖర్చు. "జడవాయు విన్యాసం కోసం వదిలేస్తుంది" అని మనం అంత తేలిగ్గా చెప్పే ఎలక్ట్రాన్ ఇదే. ఒంటరి సీరియాన్ని దాని మానాన వదిలేస్తే ఈ ఎలక్ట్రాన్‌ను ఎన్నటికీ వదలదు.

ఇంకో సాక్ష్యం పక్క గదిలోనే ఉంది. ఆవర్తన పట్టికలో సీరియం తర్వాత వచ్చేది ప్రేసియోడిమియం. దాని నాలుగో అయనీకరణ శక్తి సుమారు 3760, సీరియం కంటే 210 మాత్రమే ఎక్కువ. నాలుగు ఎలక్ట్రాన్లు పోయినా దానికి జెనాన్ విన్యాసం రాదు, లోపలి ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ ఉండే చోటు) అయిన 4ఎఫ్‌లో ఇంకా ఒకటి మిగిలే ఉంటుంది. అయినా ప్రేసియోడిమియం టెట్రాఫ్లోరైడ్ ఉంది, డయాక్సైడ్ ఉంది. జడవాయు విన్యాసమే అసలు కారణమైతే ఇవి ఉండకూడదు. నిజానికి జరిగేది ఏమిటంటే, ఈ వరుస మొదట్లో 4ఎఫ్ ఆర్బిటాల్ శక్తి ఇంకా ఎత్తులోనే ఉంటుంది, కాబట్టి అందులోని ఎలక్ట్రాన్ కొంచెం అందుబాటులో ఉంటుంది. కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగేకొద్దీ 4ఎఫ్ లోపలికి కుంగిపోతుంది. సీరియం ఆ మెట్ల వరుసలో అన్నిటికంటే పై మెట్టు మీద ఉంది, అంతే.

మరి ఆ 3550 కిలోజౌల్స్ ఎవరు కడతారు? స్ఫటికం కడుతుంది. ధన, రుణ అయాన్లు దగ్గరకు చేరి జాలకంగా పేరుకున్నప్పుడు శక్తి విడుదలవుతుంది. ఆవేశం ఎక్కువైతే అది పెరుగుతుంది, అయాన్ల మధ్య దూరం తగ్గితే ఇంకా పెరుగుతుంది. ఫ్లోరైడ్ చిన్న అయాన్, సీరియానికి బాగా దగ్గరగా రాగలదు. పైగా తన ఎలక్ట్రాన్‌ను అసలు వదులుకోదు. ఆక్సైడ్‌కు రెండు ఆవేశాలున్నాయి. ఈ ఇద్దరూ నాలుగో ఎలక్ట్రాన్ ఖర్చు భరించగలరు. అయొడైడ్ భరించలేదు. అది పెద్దది, జాలక శక్తి తక్కువ వస్తుంది, పైగా తన ఎలక్ట్రాన్ మీద తనకే పట్టు తక్కువ. +4 సీరియం అయొడైడ్ పక్కకు వస్తే దాని ఎలక్ట్రాన్‌నే లాగేసుకుని +3కి దిగిపోతుంది, అయొడిన్ బయటికి వస్తుంది.

క్లోరైడ్ ఫ్లోరైడ్‌కూ అయొడైడ్‌కూ మధ్య ఉంది. ఆ అమ్మాయి ప్రశ్నకు సరైన జవాబు ఇక్కడే దొరికింది. ఉత్త సీరియం టెట్రాక్లోరైడ్ నిలవదు. కానీ సీజియం లాంటి పెద్ద ధన అయాన్ తోడు దొరికితే, సీరియం చుట్టూ ఆరు క్లోరైడ్లు చేరి పసుపు రంగు హెక్సాక్లోరోసీరేట్ లవణంగా +4లోనే నిలబడుతుంది. సీరియం అదే, క్లోరిన్ అదే. మూడో మనిషి వచ్చి కూర్చోవడంతో బేరం కుదిరింది.

నేను చదువుకునే రోజుల్లో ల్యాబ్‌లో ఇనుము లవణాన్ని +4 సీరియం ఉండే సెరిక్ అమ్మోనియం సల్ఫేట్‌తో అంశమాపనం (టైట్రేషన్) చేయాల్సి వచ్చింది. తొందరలో ఆ ఉప్పును ఉత్త నీళ్లలో వేశాను. పసుపు పచ్చగా రావాల్సిన ద్రావణం మడ్డిగా అయిపోయింది. ఆ రోజు ప్రయోగం పూర్తి కాలేదు, టెన్షన్‌తో చేతులు వణికాయి. "ముందు ఆమ్లం పోయాలి, తర్వాతే ఉప్పు" అని మా మాస్టారు చెప్పారు. ఎందుకో నేను అడగలేదు. +4 సీరియం అయాన్ చిన్నది, ఆవేశం ఎక్కువ, చుట్టూ ఉన్న నీటి అణువుల నుంచే హైడ్రాక్సైడ్లు లాక్కుని అవక్షేపంగా కూలిపోతుంది. ఆమ్లం ఎక్కువగా ఉంటేనే దాన్ని ఆపగలం. అంటే నీళ్లు కూడా ఈ బేరంలో ఒక పక్షం.

అదే అంశమాపనంలో ఇంకా పెద్ద పాఠం దాగి ఉంది, అప్పుడు కనిపించలేదు. సీరియం +4 నుంచి +3కి దిగేటప్పుడు ఎంత బలంగా ఎలక్ట్రాన్‌ను లాగుతుందో వోల్టుల్లో కొలుస్తాం. ఒక మోలార్ పెర్‌క్లోరిక్ ఆమ్లంలో ఆ విలువ సుమారు 1.70 వోల్టులు. నైట్రిక్ ఆమ్లంలో 1.61. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 1.44. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 1.28. పై నుంచి కిందికి 0.42 వోల్టుల తేడా! సీరియం మారలేదు, పోయే ఎలక్ట్రాన్ మారలేదు, చుట్టూ ఉన్న రుణ అయాన్ మాత్రమే మారింది. పెర్‌క్లోరేట్ దాదాపు ఎవరినీ పట్టుకోదు, కాబట్టి +4 సీరియం అక్కడ ఆకలిగా ఉంటుంది. సల్ఫేట్ +3 సీరియం కంటే +4 సీరియాన్ని గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి దాని ఆకలి కొంత తీరుతుంది. ఫెర్రోయిన్ సూచిక ఎరుపు నుంచి లేత నీలానికి మారే ఆ క్షణం కోసం బ్యూరెట్ వైపు కళ్లార్పకుండా చూశాను కానీ, ఆమ్లం మారిస్తే వోల్టులు ఎందుకు మారతాయని నన్ను ఎవరూ అడగలేదు.

నీటిని ఆక్సీకరించడానికి 1.23 వోల్టులు చాలు. అంటే లెక్క ప్రకారం సెరిక్ ద్రావణం నీటినే విడగొట్టి ఆక్సిజన్ వదలాలి. కానీ ఆ చర్య ఎంత నెమ్మది అంటే, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో చేసిన సెరిక్ ద్రావణం నెలల తరబడి బలం తగ్గకుండా సీసాలో ఉంటుంది. నిల్వ ఉంచితే బలం తగ్గిపోయే పర్మాంగనేట్‌తో విసిగిపోయిన వాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు ఆమ్లం నుంచి క్షారంలోకి వెళదాం, ఎందుకంటే నా వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఆమ్ల ద్రావణంలో +3 సీరియాన్ని +4కి ఎక్కించాలంటే పర్‌సల్ఫేట్ లాంటి బలమైన ఆక్సీకరణి కావాలి, పక్కన కొద్దిగా వెండి అయాన్లు ఉత్ప్రేరకంగా ఉండాలి. అదే ద్రావణంలో క్షారం కలిపితే తెల్లటి హైడ్రాక్సైడ్ అవక్షేపం వస్తుంది. దాన్ని ఏమీ చేయనక్కర్లేదు. గాలికి వదిలేస్తే పసుపు రంగుకు తిరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్ చాలు. ఒకచోట అంత కష్టపడితే గానీ కదలని ఎలక్ట్రాన్, ఇంకోచోట గాలి తగిలితే వెళ్లిపోతుంది. "+4 సీరియం స్థిరమైనదా?" అన్న ప్రశ్నకు ఎక్కడ, ఎవరి మధ్య అని చెప్పకుండా అర్థమే లేదు.

అరుదైన మృత్తికల (ఈ లాంథనైడ్లు ఉన్న గుంపు) చరిత్ర మొత్తం ఈ ఒక్క తేడా మీద మొదలైంది. 1803లో స్వీడన్‌లో బెర్జీలియస్, హిసింగర్, జర్మనీలో క్లాప్రోత్ విడివిడిగా సీరియం ఆక్సైడ్‌ను గుర్తించారు. అంతకు రెండేళ్ల ముందు ఆకాశంలో దొరికిన సెరెస్ అనే మరుగుజ్జు గ్రహం పేరు దానికి పెట్టారు. ('అరుదైన' అన్న మాటను ఎవరూ నమ్మకండి. భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి అంత ఉంది.) వాళ్లు ఒకే పదార్థం అనుకున్నది నిజానికి ఒక గుంపు. 1839లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త మొసాండర్ సీరియం నైట్రేట్‌ను వేడి చేసి, మిగిలినదాన్ని సజల నైట్రిక్ ఆమ్లంలో వేశాడు. కొంత కరిగింది, కొంత కరగలేదు. వేడికి సీరియం +4 డయాక్సైడ్‌గా మారి మొండికేసింది. లాంథనం +3లోనే ఉండి కరిగిపోయింది. దాక్కుని ఉన్నది అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి దానికి లాంథనం అని పేరు పెట్టాడు. అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ప్రవర్తించే ఈ గుంపులోంచి ఒకదాన్ని విడదీయగలిగాడంటే, ఆక్సైడ్ ఆ నాలుగో ఎలక్ట్రాన్ ఖర్చు కట్టింది కాబట్టే.

ఆ డయాక్సైడ్ దగ్గర కాసేపు ఆగాలి. లేత పసుపు పొడి, చూడటానికి ఏమీ ఉండదు. ఫ్లోరైట్ స్ఫటిక నిర్మాణం. ప్రతి సీరియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు, ప్రతి ఆక్సిజన్ చుట్టూ నాలుగు సీరియంలు. దీన్ని బాగా వేడి చేసి, చుట్టూ ఆక్సిజన్ తగ్గిస్తే, జాలకంలోంచి ఒక ఆక్సిజన్ పరమాణువు లేచి వెళ్లిపోతుంది. పోతూ పోతూ తన రెండు ఎలక్ట్రాన్లనూ అక్కడే వదిలేస్తుంది. వాటిని పక్కనున్న రెండు సీరియంలు చెరొకటి తీసుకుని +3 అవుతాయి. పొడి రంగు ముదురు నీలానికి మారుతుంది. విచిత్రం ఏమిటంటే, చాలా ఆక్సిజన్ పోయినా ఇల్లు కూలదు. అదే ఫ్లోరైట్ చట్రం ఖాళీలతో అలాగే నిలబడి ఉంటుంది. మళ్లీ ఆక్సిజన్ దొరికితే ఖాళీలు నిండుతాయి, రంగు తిరిగి వస్తుంది. ఊపిరి పీల్చి వదిలినట్టే.

పెట్రోలు కార్ల పొగగొట్టంలోని ఉత్ప్రేరక పరికరం ఈ ఊపిరి మీదే ఆధారపడి ఉంది. కార్బన్ మోనాక్సైడ్‌కు ఆక్సిజన్ అందించాలి, నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్ తీసేయాలి, రెండూ ఒకేచోట. ఇంజన్‌లో గాలి, ఇంధనం పాళ్లు క్షణక్షణం అటూ ఇటూ ఊగుతుంటాయి. ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు సీరియం డయాక్సైడ్ దాచుకుంటుంది, తక్కువైనప్పుడు ఇస్తుంది. దానికి జిర్కోనియం కలిపితే ఈ పని ఇంకా తేలికవుతుంది, వేడికి తట్టుకోవడం కూడా పెరుగుతుంది. జిర్కోనియం తానుగా ఎలక్ట్రాన్లు తీసుకోదు, ఇవ్వదు. కానీ అది చిన్న అయాన్, దాని వల్ల చట్రంలో కొంత సర్దుబాటు జరుగుతుంది, +3గా మారి ఉబ్బే సీరియానికి చోటు దొరుకుతుంది. ఇక్కడ కూడా పక్కవాడి సాయమే.

ఈ అటూ ఇటూ ఊగడాన్ని కళ్లతో చూసిన మనిషి ఒకరున్నారు. సోవియట్ రసాయన శాస్త్రవేత్త బోరిస్ బెలౌసోవ్ 1951లో సిట్రిక్ ఆమ్లం, బ్రోమేట్, సీరియం లవణం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపారు. ద్రావణం పసుపు రంగు నుంచి రంగులేని స్థితికి, మళ్లీ పసుపుకు, మళ్లీ వెనక్కి మారుతూ పోయింది. బ్రోమేట్ సీరియాన్ని +4కి ఎక్కిస్తుంది, సిట్రిక్ ఆమ్లం నుంచి పుట్టిన పదార్థాలు +3కి దించుతాయి, మధ్యలో బ్రోమైడ్ అయాన్ కళ్లెం వేస్తూ వదులుతూ ఉంటుంది. పత్రికల వాళ్లు ఇది అసాధ్యమని తిప్పి పంపారు. 1959లో ఒక సమావేశ సంకలనంలో చిన్న వ్యాసంగా మాత్రమే వచ్చింది. తర్వాత జబొటిన్‌స్కీ దీన్ని పట్టుకుని మెలోనిక్ ఆమ్లంతో లోతుగా పరిశోధించారు. 1970లో బెలౌసోవ్ చనిపోయారు. 1980లో లెనిన్ బహుమతి ఇచ్చారు, అప్పటికి అందుకోవడానికి ఆయన లేరు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ పత్రికల వాళ్లు బీకరులో జరుగుతున్నదాన్ని చూడకుండా, ఇలా జరగకూడదన్న నమ్మకాన్ని నమ్మారు.

సరే, ఇంతవరకూ +3, +4 అని రెండు గదులు ఉన్నట్టు మాట్లాడాను. ఆ గదుల గోడలు కూడా మనం కట్టుకున్నవే అని చూపించే సమ్మేళనాలున్నాయి. సీరియం మోనోసల్ఫైడ్ తీసుకోండి. ఒక సీరియం, ఒక సల్ఫర్. సల్ఫైడ్‌కు -2 కాబట్టి సీరియం +2 అని ఏ విద్యార్థి అయినా రాస్తాడు. కానీ అది ఇత్తడిలా మెరుస్తుంది, లోహంలా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. అక్కడ సీరియం +3లో ఉంది, మూడో ఎలక్ట్రాన్ ఎవరి సొత్తూ కాకుండా స్ఫటికమంతా తిరుగుతుంది. దాదాపు 2450 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు కాబట్టి 1940లలో దానితో లోహాలు కరిగించే మూసలు కూడా చేశారు. సీరియం డైఅయొడైడ్ కథ కూడా ఇదే.

ఇంకా లోతుకు వెళితే సీరోసీన్ ఉంది. ఎనిమిది కార్బన్ల వలయాలు రెండు, మధ్యలో సీరియం. 1976లో తయారైంది. వలయాలకు -2 చొప్పున వేస్తే సీరియం +4. కానీ 1990 ప్రాంతంలో జరిగిన క్వాంటం గణనలు సీరియం ఎక్కువగా +3లోనే ఉందని, నాలుగో ఎలక్ట్రాన్ వలయాలతో పంచుకున్న స్థితిలో ఉందని చెప్పాయి. ఎక్స్-కిరణాలతో కొలిచినవాళ్లకు పూర్ణాంకం రాలేదు, మధ్యలో ఏదో వచ్చింది. తర్వాత వచ్చిన మరో గణన, ఆర్బిటాల్స్‌ను ఎంచుకునే తీరును బట్టి ఎలక్ట్రాన్ల స్థితిని వర్ణించే ఒకే తరంగ ప్రమేయాన్ని +3 అనీ చదవొచ్చు, +4 అనీ చదవొచ్చు అని చూపించింది. అణువు ఒక్కటే, దాని గుణాలు ఏవీ మారవు. మనం వేసే లెక్క మారుతుంది.

ఏ సమ్మేళనమూ లేకుండా ఉత్త లోహాన్ని తీసుకున్నా ఇదే పని చేస్తుంది. గది ఉష్ణోగ్రతలో సీరియం మీద సుమారు 0.8 గిగాపాస్కల్ పీడనం పెడితే, స్ఫటిక అమరిక అదే ఉండి ఘనపరిమాణం మాత్రం 15 శాతం దాకా ఒక్కసారిగా కుంగిపోతుంది. 4ఎఫ్ ఎలక్ట్రాన్ అప్పటిదాకా తన పరమాణువుకే అంటిపెట్టుకుని ఉంటుంది, పీడనంతో పక్కవాళ్లతో కలిసిపోతుంది.

నాలుగో ఎలక్ట్రాన్ పోకుండా ఉన్నచోట కూడా పక్కవాళ్ల మాటే చెల్లుతుంది. తెల్ల ఎల్‌ఈడీ బల్బులో పసుపు వెలుగు ఇచ్చేది +3 సీరియమే. ఒంటరి అయాన్‌లో ఆ 4ఎఫ్ ఎలక్ట్రాన్ దాని పైనున్న 5డీ ఆర్బిటాల్‌కి ఎక్కాలంటే సుమారు 6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, అంటే అతినీలలోహిత కాంతి. యిట్రియం అల్యూమినియం గార్నెట్‌లో కూర్చోబెడితే చుట్టూ ఉన్న ఆక్సిజన్లు 5డీని సుమారు 2.7 దాకా కిందికి లాగేస్తాయి. నీలి కాంతి సరిపోతుంది, పసుపు వెలుగు బయటికి వస్తుంది.

ఇదంతా విన్న ఒక తోటి ఉపాధ్యాయుడు నాతో వాదించారు. "పిల్లలకు ముందు ఒక సులువైన సూత్రం కావాలండీ. జడవాయు విన్యాసం చెప్తే గుర్తుంటుంది. ఈ జాలక శక్తులు తర్వాత నేర్చుకుంటారు." ఆయన మాటలో నిజం ఉంది, సూత్రం లేకుండా ఎవరూ మొదలుపెట్టలేరు. కానీ ఆ 'తర్వాత' చాలామందికి రాదు. నాకు రావడానికి ఒక విద్యార్థిని ప్రశ్న కావాల్సి వచ్చింది. పైగా జాలక శక్తి ఏమీ కొత్త పాఠం కాదు. ఉప్పు ఎందుకు ఏర్పడుతుందో ఇంటర్‌లోనే చెప్తాం. సోడియం ఎలక్ట్రాన్ ఇవ్వడానికి ఖర్చు, క్లోరిన్ తీసుకున్నందుకు వచ్చేది, జాలకం కట్టేది, అన్నీ కూడి చూపిస్తాం. అదే లెక్క లాంథనైడ్ల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు వదిలేస్తాం? రెండు పేజీల్లో 15 మూలకాలను ముగించేయాలన్న తొందర తప్ప నాకు వేరే కారణం కనిపించడం లేదు.

ఆ తొందర వల్ల పోయేది చిన్నదేమీ కాదు. సముద్రపు నీటిలో లాంథనైడ్ల పాళ్లు కొలిస్తే, లాంథనం, ప్రేసియోడిమియం మధ్య సీరియం ఉండాల్సిన చోట గుంట కనిపిస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్, మాంగనీస్ ఆక్సైడ్ల రేణువులు కలిసి సీరియాన్ని +4కి ఎక్కిస్తాయి, అది కరగని రూపంలో అడుగుకు దిగిపోతుంది. మిగతావి +3లో నీటిలోనే ఉండిపోతాయి. ఆక్సిజన్ లేని నీటిలో ఈ గుంట పడదు. అందుకే పాత సముద్రాల అడుగున పేరుకున్న రాళ్లలో సీరియం లెక్క చూసి అప్పటి నీటిలో ఆక్సిజన్ ఉందో లేదో భూగర్భ శాస్త్రవేత్తలు అంచనా వేస్తారు. జిర్కోనియం ఖనిజమైన జిర్కాన్ స్ఫటికాల్లో దీనికి తిరగబడ్డ బొమ్మ ఉంటుంది. జిర్కోనియం చోటులో +4 సీరియం బాగా ఇముడుతుంది, కాబట్టి అక్కడ గుంట బదులు గుట్ట కనిపిస్తుంది. +4 అన్నది సీరియానికే సొంతమైన గుణం అని నేర్చుకున్న పిల్లవాడికి ఈ రాళ్లు ఏమీ చెప్పవు.

ఇప్పుడు నేను ఈ పాఠాన్ని బోర్డుతో మొదలుపెట్టడం లేదు. రెండు పరీక్ష నాళికల్లో ఒకే +3 సీరియం ద్రావణం పోస్తాను. ఒకదానిలో ఆమ్లం, ఇంకోదానిలో క్షారం. రెండూ మూతలు లేకుండా బల్ల మీద పెట్టి, వేరే విషయం మాట్లాడుతూ ఉంటాను. క్లాసు సగంలో ఎవరో ఒకరు గమనిస్తారు, "సార్, అది పసుపు రంగులోకి మారుతోంది" అంటారు. రెండోది ఎందుకు మారలేదో చెప్పమని అడుగుతాను. పోయినసారి ఒక అబ్బాయి చాలాసేపు ఆలోచించి, "గాలి రెండింటికీ ఒకటే కదా సార్, అయితే తేడా హైడ్రాక్సైడ్‌లో ఉండాలి" అన్నాడు.

జెనాన్ పేరు ఆ గంటలో ఎవరూ ఎత్తలేదు.